ఆడా మగా కలిసిన తీరు ప్రకృతికి విరుద్ధమా? మా గంగ జాతర చూసి పెరిగినవాణ్ణి, చెబుతాను

అడిగిన ప్రశ్న: “మా వాడు ఎనిమిదో తరగతి. నడక, మాట తీరు, చేతులు తిప్పడం ఆడపిల్లలా ఉన్నాయని బళ్లో ఏడిపిస్తున్నారు. ఆడా మగా కలిసిన తీరు ప్రకృతిలో గానీ మన సంస్కృతిలో గానీ ఉందా? ఉంటే దాని అర్థం ఏమిటి?”

ఈ ప్రశ్న చదివాక రాయకుండా ఉండలేకపోయానండీ. నాది తిరుపతి. తాతయ్యగుంట గంగమ్మ గుడికి నాలుగు సందుల అవతల పుట్టి పెరిగాను.

ఏడో తరగతిలో నాకు కామెర్లు వచ్చి మంచం పట్టాను. బిడ్డ లేచి తిరిగితే జాతరలో ఆడవేషం కట్టిస్తానని మా అవ్వ గంగమ్మకు మొక్కుకుంది. 1989 మే నెలలో ఆ మొక్కు తీర్చాం. పొద్దున్నే తలంటు పోశారు. అమ్మ తన పెళ్లినాటి వంకాయరంగు పట్టుచీర బయటికి తీసింది. నా నడుముకు అదెక్కడ నిలుస్తుంది? మా అక్క లోపావడా బొందు ముడి మీద ముడి వేసి బిగించింది. పిన్నీసులు చాలక పక్కింటికి పరుగెత్తారు. సవరం పెట్టి జడ వేసి, మల్లెలూ కనకాంబరాలూ చుట్టారు. మా నాయన బస్సు డ్రైవరు. పెద్ద మీసం, ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు. అలాంటి మనిషి వాకిట్లో మోకాళ్ల మీద కూర్చుని నా కుచ్చిళ్లు ఒక్కొక్కటే సర్ది, అంచు కాళ్లకు తగులుకోకుండా పైకి లాగి దోపాడు. “అడుగు చిన్నగా వెయ్ నాయనా, తల్లి కాడికి పోతుండావు” అన్నాడు.

చెప్పుల్లేవు. తారు రోడ్డు కాలిపోతోంది. ఆ చీరలో పరుగెత్తడం కుదరదు, చిన్న చిన్న అడుగులే వేయాలి. మా అమ్మ రోజంతా ఇలాగే నడుస్తుంది కదా అని నాకు మొదటిసారి తట్టింది ఆ ఎండలోనే. దారి పొడుగునా నాలాంటివాళ్లే. పూలు పెట్టుకున్న మామలు, బొట్టు పెట్టుకున్న తాతలు, మీసం తియ్యకుండానే చీర కట్టినవాళ్లు. ఒక ముసలామె నన్ను ఆపి, నుదుట కుంకుమ పెట్టి, “చల్లగుండు తల్లీ” అని నా చేతులు కళ్లకద్దుకుంది. ఒక్కరంటే ఒక్కరు నవ్వలేదు.

ఆ మధ్య ఒక సినిమాలో జాతర సీను వచ్చాక, దాన్ని ఫోన్లలో వీడియోల కోసం కట్టే వేషం అనుకుంటున్నారు. మొక్కు లేదు, ఉపవాసం లేదు, తాగి వచ్చి గుడి ముందు గంతులు. చూస్తే కడుపు మండుతుంది. మాలాంటివాళ్లది మొక్కు వేషం, జాతరలో తల్లి కట్టిన అసలు వేషాలు కట్టేది కైకాల కుటుంబం వాళ్లు. అవిలాలలో గంగమ్మను బిడ్డగా పెంచుకున్నది ఆ ఇంటివాళ్లేనని మా నమ్మకం. ఆడవాళ్లను చెరిచే పాలెగాణ్ణి చంపడానికి తల్లి బయల్దేరితే వాడు దాక్కున్నాడు. ఆమె బైరాగి వేషం, తోటి వేషం అంటూ రోజుకొకటి మార్చి వెతికింది. చివరికి దొర వేషంలో, అంటే మగవాడిలా వెళితే వాడు బయటికొచ్చాడు, తల నరికింది. తల్లి మగవేషం కట్టింది, మేం తల్లి కోసం ఆడవేషం కడతాం. నన్నడిగితే అర్థం ఇక్కడే ఉంది. రెండు వైపులా నడవగలగడం మా ఊళ్లో శక్తి కింద లెక్క, లోపం కింద కాదు.

కొండ మీదా అంతే. బ్రహ్మోత్సవాల్లో 5వ రోజు పొద్దున స్వామి మోహినీ అలంకారంలో పల్లకీ ఎక్కుతాడు, ఆ రాత్రే గరుడ సేవ. వానలు పడకపోతే విరాటపర్వం చదివించే ఆచారం మనది. ఆ పర్వంలో అర్జునుడు ఎక్కడున్నాడు? బృహన్నలగా అంతఃపురంలో ఆడపిల్లలకు ఆట నేర్పుతున్నాడు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు స్టేజీ మీద సత్యభామగా నిలబడి పేరు తెచ్చుకున్నారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారికీ స్త్రీ పాత్రలే కీర్తి తెచ్చాయి, 1970లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది.

ఇక నా గుండెలో ముల్లు సంగతి. జాతరైన మరుసటి నెలే బడి తెరిచారు. సైన్సు సారు ఉమ్మెత్త పువ్వు తెచ్చి బ్లేడుతో నిలువునా చీల్చి చూపించాడు. “కేసరాలు మగ భాగం, అండకోశం ఆడ భాగం, రెండూ ఉన్నాయి కాబట్టి ద్విలింగ పుష్పం” అని బోర్డు మీద బొమ్మ గీశాడు. నా పక్కన కూర్చునేవాడిది సన్నటి గొంతు, నడకలో కొంచెం ఒయ్యారం. వాణ్ణి లేపి పాఠం చదవమన్నాడు. వాడు రెండు లైన్లు చదివాడో లేదో, “రేయ్ ఆడంగీ, మగాడిలా చదవరా” అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నెల క్రితం అదే సారు ఎర్ర చీర కట్టి, జడ వేసుకుని గంగమ్మ వరసలో మా ముందు నిలబడ్డాడండీ. నేను కళ్లారా చూశాను. దసరా సెలవుల తర్వాత నా పక్క చోటు ఖాళీ. వాడు మళ్లీ బడికి రాలేదు.

చెట్టు ఎక్కితే, గోలీలాడితే ఆడపిల్లను మగరాయుడు అని మురిపెంగా చెప్పుకుంటాం. అదే మగపిల్లవాడు ముగ్గు వేస్తే ఆడంగి అంటాం, అది తిట్టు. మన మనసులో ఆడతనం తక్కువది అన్న లెక్క ఉంది కాబట్టే ఈ తేడా. అంతకు మించి కారణం లేదు.

ప్రకృతి అంటారా, మా మామ రైల్వే కోడూరు దగ్గర బొప్పాయి వేస్తాడు. గుంతకు రెండు మూడు మొక్కలు నాటి, పూత వచ్చాక ఒక్కటి ఉంచి మిగిలినవి పీకేస్తాడు. ఆయన ఏరి ఉంచుకునేది, ఆడా మగా రెండూ ఒకే పువ్వులో ఉన్న చెట్టు. దాని కాయ పొడుగ్గా, కండ మందంగా వస్తుంది. ఆడ చెట్టు కాయ గుండ్రంగా ఉండి లోపల గుల్ల ఎక్కువ. వ్యాపారి పొడుగు కాయకే రేటు కడతాడు. కోస్తావాళ్లు ప్రాణం పెట్టే పండుగప్ప చేప ఎక్కువగా మొదట మగదిగా పెరిగి, కొన్నేళ్లకు బరువెక్కాక ఆడదై గుడ్లు పెడుతుంది. విరుద్ధం అనే మాట మనిషి నోట్లో ఉంది, తోటలో లేదు.

మీ వాణ్ణి జిమ్ముకో కరాటేకో పంపి “సరిచేయమని” చెప్పేవాళ్లు వస్తారు, వినొద్దు. వాడికి ఇష్టమైతే కరాటే నేర్పించండి, నడక మార్చడానికి మాత్రం వద్దు. పెద్దయ్యాక వాడెవరవుతాడో నడకను చూసి మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. రేపే బడికి వెళ్లి హెడ్మాస్టరు ముందు కూర్చోండి. ఆ రోజు నా పక్కవాడి కోసం ఏ పెద్దవాళ్లూ రాలేదు.

మే నెలలో జాతరకు వాణ్ణి తీసుకుని తిరుపతి రండి. మా ఇంట్లోనే దిగండి. వాడు కట్టుకుంటానంటే అమ్మ చీర ఇంకా బీరువాలో ఉంది. కుచ్చిళ్లు నేను సర్దుతాను.