మీకు తెలుగొచ్చా? అయితే అయిదు పాయింట్లు

మొన్న ఉగాదికి కర్నూలు పోయి బుధవారపేటలో అమ్మ దగ్గర పది రోజులున్నాను. మొదటి రెండు రోజులు చుట్టాలొచ్చి పలకరించిపోయారు. మూడో రోజు నుంచి ఫైళ్లు రావడం మొదలైంది. పక్కింటి పెద్దమ్మ కొడుకు, మా చిన్నాన్న కూతురు, వాళ్ల స్నేహితులు, చివరికి మేడ మీద అద్దెకున్నవాళ్ల తమ్ముడు. పొద్దున ఉగ్గాని తింటుండగానే గేటు చప్పుడయ్యేది. అందరిదీ ఒకటే మాట: "అక్కా, ఆస్ట్రేలియాలో పాయింట్లు చూసి పీఆర్ ఇస్తారంట కదా, నాకెన్ని వస్తాయో చెప్పు."

పీఆర్ అంటే ఆ దేశంలో శాశ్వతంగా ఉండిపోయే అనుమతి. నేను ఏజెంటును కాను, లాయరును కాను. 2019లో అక్కడి ఒక రాష్ట్రం ఇచ్చిన నామినేషన్ మీద ఆస్ట్రేలియాలోని అడిలైడ్ చేరిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. నా ఫైలు నేనే చూసుకున్నాను, అదీ ఒక కన్సల్టెన్సీకి లక్షన్నర సమర్పించుకుని బుద్ధొచ్చాక. మా వరండాలో కూర్చుని వాళ్లకు చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అమెరికా సంగతి మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. అక్కడ కంపెనీ మన తరఫున అర్జీ పెట్టాలి, పెట్టినా దేశానికి ఏడు శాతం అనే కోటాలో మన వంతు వచ్చేదాకా వెంట్రుకలు నెరవాలి. పాయింట్ల పద్ధతిలో కంపెనీ లేకపోయినా ఫరవాలేదు. వయసు, చదువు, అనుభవం, ఇంగ్లిష్, వీటికి మార్కులేసి పైనుంచి వరసగా పిలుస్తారు. 1967లో దీన్ని మొదలుపెట్టింది కెనడా, ఆస్ట్రేలియా తర్వాత అందుకుంది. ఇప్పుడు ఆస్ట్రేలియాలో స్కిల్‌సెలెక్ట్ అనే ఆన్‌లైన్ వరసలో మన వివరాలు పెట్టి పిలుపు కోసం ఎదురుచూడాలి. ఆ వివరాలు పెట్టడానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కన్సల్టెన్సీల దగ్గరికొచ్చేసరికి పనికొస్తుంది.

65 పాయింట్లుంటే వరసలో నిలబడొచ్చు. అంతమాత్రాన పిలుస్తారని కాదు. ఎంసెట్‌లో క్వాలిఫై అయిన ప్రతివాడికీ సీటు రాలేదు కదా, ఇదీ అంతే. మన పిల్లలు ఎక్కువగా ఉండే ఐటీ కొలువులకు 85, 90 ఉన్నా నెలల తరబడి ఎదురుచూసినవాళ్లు నాకు తెలుసు. నర్సులు, టీచర్లకు మాత్రం పోటీ ఇంత ఉండదు.

మా చిన్నాన్న కూతురి లెక్కే తీసుకోండి. 31 ఏళ్లు, జేఎన్‌టీయూ అనంతపురం కింది కాలేజీలో కంప్యూటర్ సైన్స్ బీటెక్, బెంగళూరులో ఎనిమిదేళ్ల ఉద్యోగం, పెళ్లి కాలేదు. కాగితం మీద వేసుకొచ్చింది. వయసుకు 30, డిగ్రీకి 15, పెళ్లి కానందుకు 10, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ 7 వచ్చినందుకు 10, ఎనిమిదేళ్ల అనుభవానికి 15. మొత్తం 80.

"ఇది 80 కాదే, 75" అన్నాను. మొహం చిన్నబుచ్చుకుంది.

అందరూ బోర్లాపడేది ఇక్కడే. మన ఉద్యోగానుభవాన్ని మనం లెక్కేసుకుంటే చెల్లదు. ఐటీవాళ్లకు ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ అనే సంస్థ కాగితాలు చూసి లెక్క కడుతుంది. డిగ్రీ, ఉద్యోగం రెండూ కంప్యూటర్లవే అయినా, దగ్గర సంబంధం ఉన్నవే అయినా, మొదటి రెండేళ్లు "పని నేర్చుకున్న కాలం" కింద కోసేస్తారు. డిగ్రీ కంప్యూటర్లదే అయినా చేసే పనికి దూరమైతే కోత నాలుగేళ్లు. కాబట్టి దాని ఎనిమిదేళ్లు ఆరేళ్లయ్యాయి. మన దేశంలో చేసిన ఉద్యోగానికి మూడేళ్లకు 5, అయిదేళ్లకు 10, ఎనిమిదేళ్లకు 15 ఇస్తారు. అందుకే దానికి 10.

పక్కింటి పెద్దమ్మ కొడుకుది ఇంకా చిక్కు. చదివింది మెకానికల్, హైదరాబాదులో ఆరేళ్లుగా చేస్తున్నది టెస్టింగ్. మన దగ్గర మెకానికల్, సివిల్ చదివి అమీర్‌పేటలో కోర్సు చేసి ఐటీలో దూరినవాళ్లు వీధికి పది మంది ఉంటారు. వీళ్లు ఐటీ దారిలో పోతే కంప్యూటర్ డిగ్రీ లేదు కాబట్టి ప్రాజెక్టు రిపోర్టులు రాసి, ఆరేళ్లకు పైగా అనుభవాన్ని "అర్హత" కిందే ఖర్చుపెట్టుకోవాలి. పాయింట్లకు మిగిలేది ఏమీ ఉండదు. ఇంకో దారి, మెకానికల్ ఇంజనీరుగానే, ఇంజనీర్ల చదువులు మదింపు చేసే ఇంజనీర్స్ ఆస్ట్రేలియా అనే సంస్థకు పోవడం. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు ఒకరివొకరు గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో మన దేశం 2014లో చేరినా, ఆ గుర్తింపు ఉన్న కోర్సులు తక్కువ. మన కాలేజీల వాళ్లు చాలామంది తాము చేసిన మూడు పనుల మీద మూడు వ్యాసాలు రాసివ్వాలి. కాలేజీ ప్రాజెక్టులైనా సరే. అప్పుడు డిగ్రీకి 15 దక్కుతుంది, టెస్టింగ్ అనుభవానికి మాత్రం సున్నా. "ఆరేళ్లు నీళ్లలో పోసినట్టేనా అక్కా?" అన్నాడు. "జీతమొచ్చింది కదరా, నీళ్లలో ఎట్ల పోతాది?" అంది పెద్దమ్మ.

ఆ మూడు వ్యాసాలను ఇంటర్నెట్‌లో కొని పేరు మార్చి పంపేవాళ్లున్నారు. పట్టుకునే సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర ఉంటుంది. పట్టుబడితే ఏడాది, ఆపైన దరఖాస్తే తీసుకోరు. దొంగ ఎక్స్‌పీరియెన్స్ లెటర్ల సంగతి ఇంకా ఘోరం. జీతం చీటీలు, ఫారం 16, పీఎఫ్ పాస్‌బుక్, బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకదానికొకటి సరిపోలాలి, లేకపోతే దొరికిపోతారు. వీసా దగ్గర దొంగకాగితం తేలితే ఆస్ట్రేలియాలో మూడేళ్లు, కెనడాలో అయిదేళ్లు తలుపు మూత.

మళ్లీ మా చెల్లెలి 75కి వస్తాను. పెంచుకునే దారుల్లో అన్నిటికంటే పెద్దది ఇంగ్లిష్. నాలుగింటిలోనూ 7కు 10 ఇస్తే, 8కి 20 ఇస్తారు. అంటే ఒక్కో విభాగంలో ఒక్క బ్యాండ్ పెరిగితే పది పాయింట్లు. అయిదేళ్ల ఉద్యోగం చేసి సంపాదించే పదీ, మూడు నెలలు కూర్చుని చదివి సంపాదించే పదీ ఒకటే. అయినా మనవాళ్లు "7 వచ్చింది చాలు" అని ఆగిపోతారు. మనకు మాట్లాడ్డం, వినడం దగ్గర ఇబ్బంది లేదు, రాతే కొంప ముంచుతుంది. రోజూ ఒక వ్యాసం రాసి ఎవరిచేతైనా దిద్దించుకోవాలి, దీనికి దగ్గరి దారి లేదు. పీటీఈ అనే ఇంకో ఇంగ్లిష్ పరీక్ష కూడా చెల్లుతుంది.

రెండోది మన తెలుగు. ఈ మాట చెప్పగానే వరండాలో అందరూ నవ్వారు. నిజంగానే, నాటీ అనే సంస్థ సీసీఎల్ పేరుతో ఒక పరీక్ష పెడుతుంది, అందులో తెలుగు ఉంది. పాసైతే 5 పాయింట్లు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో రాయొచ్చు. రాయడం కాదులెండి, మాట్లాడ్డం. ఒక ఇంగ్లిష్ మనిషి, ఒక తెలుగు మనిషి మాట్లాడుకుంటుంటారు. డాక్టరూ రోగీ కావచ్చు, ఇంటి యజమానీ అద్దెకుండేవాళ్లూ కావచ్చు, బ్యాంకు, బడి, ఇన్సూరెన్స్ ఏదైనా కావచ్చు. వాళ్ల మధ్య మనం దుబాసీ పని చేయాలి, ఇటు మాట అటు, అటు మాట ఇటు. ఒక్కో తునక 35 పదాలకు మించదు. అలాంటి సంభాషణలు రెండు, ఒక్కోదానికి 45 మార్కులు. 90కి 63 రావాలి, ఏ ఒక్కదాంట్లోనూ 29కి తగ్గకూడదు. వదిలేసిన మాటకు, మార్చేసిన మాటకు మార్కులు కోస్తారు. కాగితం మీద గుర్తులు రాసుకోవచ్చు.

"మన భాషే కదా" అని నేనూ చదవకుండా కూర్చున్నాను, మొదటిసారి తప్పాను. నాకొచ్చిన సంభాషణలో డాక్టరమ్మ కిడ్నీ పరీక్షల గురించి చెబుతోంది. నేను "మీ కిడ్నీ ఫంక్షన్ కొంచెం వీక్‌గా ఉంది, డైట్ కంట్రోల్ చేయండి" అన్నాను. అందులో తెలుగెంత ఉందో మీరే లెక్కేసుకోండి. బస్సు, బ్యాంకు లాంటివి ఎవరూ తప్పుపట్టరు, అన్నీ ఇంగ్లిషే అయితే దాన్ని తర్జుమా అనరు. రెండోసారికి వంద మాటలు రాసుకున్నాను: మూత్రపిండాలు, రక్తపోటు, ఒప్పందం, అద్దె ముందుజమ, వడ్డీ, ఫిర్యాదు, గడువు, పరిహారం. ఇవన్నీ నాకు తెలిసినవే, నోటికి రానివే. పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివినవాళ్లకు ఇక్కడ ఎదురులేదు. ఇంగ్లిష్ మీడియం కాన్వెంటుకు పోలేదని జీవితంలో మొదటిసారి లాభం కనబడేది ఈ పరీక్షలోనే.

ఇంగ్లిష్ పది, తెలుగు అయిదు. అప్పుడు చెల్లెలి 75 కాస్తా 90.

ఇప్పుడు వయసు. 25 నుంచి 32 దాకా 30 పాయింట్లు. 33 నిండిన రోజు 25 అవుతుంది, 40కి 15, 45 నిండితే పిలుపే రాదు. దరఖాస్తు రోజు వయసు కాదు, పిలుపొచ్చిన రోజు వయసు చూస్తారు. మన సీమలో దీనికి ఒక తమాషా ఉంది. చెల్లెలు పుట్టింది డిసెంబరులో. బడిలో చేర్పించేటప్పుడు వయసు చాలదని పెద్దసారు ఆర్నెల్లు వెనక్కి జరిపి జూన్ ఒకటి వేశాడు. పది మెమోలో అదే, పాస్‌పోర్టులో అదే. "నాకు నిజంగా ఇంకో ఆర్నెల్లుంది అక్కా" అంటుంది. ఆ ఆర్నెల్లు సారు మింగేశాడు. ఇప్పుడు దిద్దించబోతే మెమో నుంచి పాస్‌పోర్టు దాకా అన్నీ అనుమానంలో పడతాయి, ముట్టుకోవద్దన్నాను.

మధ్యలో మా పిన్ని ఉండబట్టలేక అడిగింది, "పెళ్లి చేస్తే పది పాయింట్లు పోతాయంట, నిజమేనా?" సగం నిజం. పెళ్లయినవాళ్లకు కూడా పది వస్తాయి, భర్తకు లేదా భార్యకు 45 ఏళ్ల లోపు వయసు, ఆస్ట్రేలియా వృత్తుల జాబితాలో ఉన్న వృత్తి, దాని మదింపు, ఇంగ్లిష్‌లో కనీసం 6 ఉంటే. ఇంగ్లిష్ మాత్రమే ఉంటే 5. ఏదీ లేకపోతే సున్నా. పిలుపొచ్చిన రోజున ఎట్లున్నామో అదే లెక్క కాబట్టి, పిలుపొచ్చాక పెళ్లి చేసుకుని వీసా రాకముందే భర్తను ఫైల్లో చేర్చొచ్చు. పిన్ని ఇదంతా విని "అయితే సంబంధాలు చూసేటప్పుడు జాతకంతోపాటు ఇంగ్లిష్ మార్కులు కూడా అడగాల" అంది. ఆమె సరదాకే అంది కానీ, ఇప్పటికే అడుగుతున్నవాళ్లున్నారు.

దేశమంతటికీ చెల్లే 189 వీసాకు పిలుపు రాకపోతే రాష్ట్రాల దారి ఉంది. 190లో రాష్ట్రం నామినేట్ చేస్తే 5 పాయింట్లు కలుస్తాయి, అదీ పీఆరే. 491లో ఏకంగా 15 కలుస్తాయి, అది మాత్రం అయిదేళ్ల తాత్కాలిక వీసా. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ వదిలి ప్రాంతీయం అనిపించుకున్న చోట మూడేళ్లుండి, పన్ను కట్టిన కాగితాలు చూపితే 191 కింద పీఆర్. ప్రాంతీయం అంటే ఎడారి అనుకోకండి. అడిలైడ్, పెర్త్, కాన్‌బెర్రా కూడా ఆ లెక్కలోవే. నా వరకు ఆ మూడు పెద్ద ఊళ్ల మీద మోజు అనవసరం. ఆఫీసు ఇరవై నిమిషాలు, ఆదివారం గుడి దగ్గర తెలుగువాళ్లు, ఇంకేం కావాలి?

కెనడా గురించి క్లుప్తంగా చెబుతాను, అక్కడ నేను లేను కాబట్టి. 2015 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే ఆన్‌లైన్ వరస, 1200 పాయింట్లకు లెక్క. వయసుకు పూర్తి మార్కులు 29 దాకానే. ప్రావిన్సు, అంటే అక్కడి రాష్ట్రం, నామినేషన్ ఇస్తే 600. ఆఫర్ లెటరుకు ఇచ్చే పాయింట్లను 2025 మార్చిలో తీసేశారు, కాబట్టి "జాబ్ ఆఫర్ ఇప్పిస్తాం, పాయింట్లు పెరుగుతాయి" అని ఎవరైనా చెబితే లేచి వచ్చేయండి. ఫ్రెంచి వచ్చినవాళ్లను 400 లోపు స్కోరుకే పిలిచిన సందర్భాలున్నాయి, మిగతావాళ్లకు 500 దాటినా రాని రోజుల్లో. అనంతపురంలో ఉన్న నా స్నేహితురాలి తమ్ముడు ఇప్పుడు రోజూ తెల్లారి నాలుగింటికి లేచి ఫ్రెంచి చదువుతున్నాడు.

డబ్బు సంగతి. ఆస్ట్రేలియా వీసా రుసుమే ఒక మనిషికి దాదాపు అయిదు వేల ఆస్ట్రేలియా డాలర్లు, జీవిత భాగస్వామికి అందులో సగం. ఏటా జులై ఒకటిన పెరుగుతుంది. భాగస్వామికి మామూలు ఇంగ్లిష్ అయినా వచ్చని చూపకపోతే ఇంకో అయిదు వేలకు దగ్గరగా కట్టించుకుంటారు. ఇంగ్లిష్‌లోనే డిగ్రీ చదివారని కాలేజీ రాసిచ్చిన ఒక్క కాగితం ఆ డబ్బు మిగులుస్తుంది. ఆ కాగితం ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి.

పేర్లు కూడా. మెమోలో పొడి అక్షరం, డిగ్రీలో ఇంటిపేరు చివర, పాస్‌పోర్టులో ముందు, పాన్ కార్డులో ఇంకోలా. ఈ పేర్లన్నీ ఒకరివేనని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించుకోండి. 2008లో జేఎన్‌టీయూ విడిపోకముందు చదివినవాళ్ల పట్టాల మీద హైదరాబాదు ముద్రే ఉంటుంది, ట్రాన్స్‌క్రిప్టుల కోసం అనంతపురం పోయి వెనక్కి రాకండి. పిలుపొచ్చాక చేతిలో ఉండేది అరవై రోజులు మాత్రమే.

కన్సల్టెన్సీకి పోవద్దని చెప్పను. కేసు చిక్కుగా ఉంటే పోవాల్సిందే. ఆస్ట్రేలియాలో రిజిస్టరైన ఏజెంటా అని ఓమారా అనే అక్కడి నియంత్రణ సంస్థ జాబితాలో నంబరు చూసి పోండి. నా లక్షన్నర తీసుకున్నవాళ్లు చేసిందల్లా, ఉచితంగా నింపే ఆ ఫారాన్ని నా పేరు తప్పుగా రాసి నింపడం.

నేను అడిలైడ్ తిరిగొచ్చిన మూడో వారం చెల్లెలు ఫోన్ చేసింది. తెలుగు పరీక్షకు తేదీ తీసుకుందట. రోజూ సాయంత్రం అవ్వ పక్కన కూర్చుని, అవ్వ షుగరు రిపోర్టునే తెలుగులోకి మార్చి చదువుతోందట. "నీ మూత్రపిండాలు సక్రమంగా పనిచేస్తున్నాయవ్వా" అందట. అవ్వ కాసేపాలోచించి, "అదేందో నాకు తెలీదు గానీ, కిడ్నీలు బాగుండాయా లేదా చెప్పు" అందట.