నాలుగేళ్ళు చదివి మా పాప చేసేది ఊదించడమేనా?

పలమనేరు నుంచి ఒక తండ్రి అడిగారు. పాప బైపీసీ అయింది, నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు, ఎవరో బీఎస్సీ రెస్పిరేటరీ థెరపీలో (ఊపిరి సమస్యలున్న పేషెంట్లను చూసుకునే కోర్సు) చేర్చమన్నారట. "మిషన్లో ఊదమని చెప్పేదానికి నాలుగేళ్ళ చదువు దేనికి సార్? పైగా పాప నెమ్మది, గట్టిగా మాట్లాడదు" అని.

నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను సార్. పోయినేడు మా మామను తిరుపతిలో ఆస్పత్రికి తీసుకెళ్ళి, ఊపిరి కొలిచే స్పైరోమీటర్ మిషన్ గదిలో పక్కనే కూర్చున్నాక గానీ తెలియలేదు. ముక్కుకు క్లిప్పు, నోట్లో గొట్టం, గుండెల నిండా గాలి పీల్చి ఒక్కసారిగా వదిలి, ఇక లేదు అనిపించినా ఆపకుండా ఊదుతూనే ఉండాలి. మామ మొదటిసారి బుగ్గలు పొంగించి తీరిగ్గా ఊదాడు, రెండోసారి మధ్యలో దగ్గొచ్చింది. టెక్నీషియన్ అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. "పొయ్యి ఊదినట్టు కాదు తాతా, బూడిదంతా ఎగిరిపోవాల! ఊదు, ఊదు, ఇంకా, ఇంకా!" అని వరండాలో వాళ్ళు తిరిగి చూసేంతగా అరిచింది. ఐదోసారికి కుదిరింది.

అంత అరవడం ఎందుకంటే, మనిషి సగం మనసుతో ఊదినా మిషన్ ఏదో ఒక అంకె ఇచ్చేస్తుంది, బాగున్న ఊపిరితిత్తులు కూడా కాగితం మీద చెడిపోయినట్టే కనిపిస్తాయి. అందుకే కనీసం మూడుసార్లు సరిగ్గా ఊదించాలి, వాటిలో మంచివి రెండూ 150 మిల్లీలీటర్ల తేడాలోపు కలవాలి. తర్వాత ఇన్‌హేలర్ మందు ఇచ్చి, 15 నిమిషాలు ఆగి, మళ్ళీ ఊదించాలి. అప్పటికీ మొదటి సెకనులో వచ్చే గాలి మొత్తంలో 70 శాతం కన్నా తక్కువుంటే డాక్టరు సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాల జబ్బు వైపు ఆలోచిస్తారు. ఈ మధ్య గుండెపోటు వచ్చిందా, కంటి ఆపరేషన్ అయిందా అని ముందే అడగాలి. మిషన్‌నే నమ్మకుండా మూడు లీటర్ల సిరంజితో రోజూ సరిచూసుకోవాలి. రిపోర్టు చదివి జబ్బు తేల్చేది డాక్టరే, అది పాపకు ఇప్పుడే చెప్పండి.

ఇంకో సంగతి, ఒక్క ఈ టెస్టు చేయడానికే మనిషిని పెట్టుకునే ఆస్పత్రులు తక్కువ. ఎక్కువ పని ఐసీయూలో, వెంటిలేటర్ల దగ్గర, నైట్ డ్యూటీలతో. మొదట్లో జీతం కూడా తక్కువే, దాచను. పేషెంట్లకు మాత్రం కరువు లేదు, మన జిల్లాలో గ్రానైట్ దుమ్ము మింగినవాళ్ళు, బీడీలు తాగినవాళ్ళు ఎంతమందో మీకు నేను చెప్పాలా.

కాలేజీ విషయంలో మాత్రం తొందరపడొద్దు. ఒక అబ్బాయి ఏదో ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లో డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకుని నా దగ్గరికొచ్చాడు, స్పైరోమీటర్‌ను ఫొటోలో తప్ప చూడలేదట. సొంత ఆస్పత్రి ఉందా, అందులో పల్మనాలజీ (ఊపిరితిత్తుల విభాగం), ఐసీయూ నడుస్తున్నాయా, యూనివర్సిటీ అనుబంధం ఉందా, ఈ మూడూ స్వయంగా వెళ్ళి చూసుకోండి. దగ్గర్లో తిరుపతి స్విమ్స్ ఆస్పత్రి ఉంది, అలైడ్ హెల్త్ కోర్సుల్లో ఈ ఏడు ఏమేం ఉన్నాయో ముందు అక్కడే అడగండి.

పాప నెమ్మది అన్నారు కదా. ఆ రోజు టెస్టు అయ్యాక రిపోర్టు ఎప్పుడిస్తారమ్మా అని అడిగితే, ఆ అమ్మాయి చెప్పింది వినపడక నేను రెండుసార్లు అడిగించుకున్నాను.