ఎమ్మే ఎకనామిక్స్‌లో ఆర్థిక సిద్ధాంతాల చరిత్ర పేపరు తీసుకోవడం దండగా?

ఉద్యోగమే ముఖ్యమైతే ఎకనామెట్రిక్స్ (ఆర్థిక విషయాలను గణాంకాలతో తేల్చే పేపరు) తీసుకోండి. ఏ ఇంటర్వ్యూలోనూ నన్ను డేవిడ్ రికార్డో లాంటి పాతకాలపు ఆర్థికవేత్తల గురించి అడిగిన పాపాన పోలేదు. నేను ఈ పేపరు తీసుకున్నది కూడా లెక్కలు తప్పించుకోవడానికే, దాచడమెందుకు.

అక్కరకొచ్చింది మాత్రం డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు. ఆ రోజు రికార్డో తులనాత్మక వ్యయ సిద్ధాంతం: అన్నీ చవగ్గా చేయగల దేశమైనా, తనకు మరీ చవకైనదే చేసి మిగతాది కొనుక్కుంటే లాభమని. బోర్డు మీద అందరూ వేసే పట్టికే వేశాను: ఏడాది పనికి ఇంగ్లండులో బట్టకు 100 మంది, వైన్‌కు 120 మంది కావాలి; పోర్చుగల్‌లో బట్టకు 90, వైన్‌కు 80 చాలు. పోర్చుగల్‌కు రెండూ చవకే. అయినా అది వైన్ చేసుకుని, బట్ట ఇంగ్లండు నుంచి కొనుక్కుంటే ఇద్దరికీ లాభం అని ముగించాను.

వెనక బెంచీ కుర్రాడు లేచాడు. "సార్, రెండూ అక్కడే చవకైతే మిల్లు ఓనరు మిల్లునే పోర్చుగల్‌కు మార్చేస్తాడు కదా?"

"అది పరీక్షలో రాదు, కూర్చో" అనేశాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. 1817లో వచ్చిన రికార్డో పుస్తకంలో విదేశీ వాణిజ్యం అధ్యాయం తీశాను. అందులో అసలు పట్టికే లేదు, అంకెలన్నీ వాక్యాల్లోనే. ఆ పక్కనే కుర్రాడి సందేహమూ ఉంది! పెట్టుబడి, పనివాళ్లు పోర్చుగల్‌కు తరలిపోతే ఇంగ్లండు పెట్టుబడిదారులకూ, రెండు దేశాల్లో కొనుక్కునేవాళ్లకూ మేలేనని రికార్డోనే ఒప్పుకున్నాడు. కాకపోతే డబ్బున్నవాడు పుట్టిన దేశం వదిలి, కొత్త ప్రభుత్వం, కొత్త చట్టాల కిందికి పోవడానికి జంకుతాడట, అందుకని అలా జరగదట. ఆ జంకు తగ్గితే తనకు బాధేనని కూడా రాశాడు. ఆ లెక్కంతా దానిమీదే నిలబడి ఉంది. మన గైడుల్లో అది "ఉత్పత్తి కారకాలు దేశాల మధ్య కదలవు" అని (కారకాలంటే పెట్టుబడి, పనివాళ్ల లాంటివి) ప్రమేయాల, అంటే ముందే అనుకునే షరతుల, జాబితాలో ఒక లైనుగా మిగిలింది. నేనూ బట్టీ పట్టిన లైనే.

మర్నాడు ఆ పేజీ జెరాక్స్ తీసి కుర్రాడికిచ్చాను. చదివి, "ఇప్పుడెవరూ జంకట్లేదు కదా సార్" అన్నాడు.

యంత్రాల సంగతీ అంతే. కూలీలకు కూడా యంత్రాలు మేలే చేస్తాయన్న తన పాత అభిప్రాయం తప్పని, 1821లో మూడో ముద్రణకు ఏకంగా ఒక అధ్యాయమే కలిపాడాయన. ఏఐ వచ్చి ఉద్యోగాలు పోతాయా అని టీవీలో అరుచుకుంటుంటే నాకు అదే గుర్తొస్తుంది.

పేపరు తీసుకుంటే మాత్రం స్మిత్ నుంచి కీన్స్ దాకా తలా రెండు పేజీల నోట్సుతో సరిపెట్టకండి. ఒక్కరిని పట్టుకుని ఒక్క అధ్యాయమైనా మూలంలో చదవండి. రికార్డో అయితే ఏడో అధ్యాయం, అదే విదేశీ వాణిజ్యం. నమలడం కష్టమే, నాకు మూడు రాత్రులు పట్టింది.