కుంటపై నీడవల వేస్తే ఎంత నీరు మిగులుతుంది?

ప్రశ్న: మా పొలంలో పాలిథిన్ షీటు పరిచిన సేద్యపు కుంట ఉంది. నీరు నిండుగా ఉన్నప్పుడు పొడవూ వెడల్పూ ఇరవయ్యేసి మీటర్లు. ఎండలు ముదిరాక, చుక్క నీరు తోడకపోయినా మట్టం దిగిపోతూనే ఉంది. పైన షేడ్‌నెట్ కప్పితే ప్రయోజనం ఉంటుందా?

జవాబు: ఉంటుంది. అయితే వల కొనే ముందు నీరు ఆవిరై పైకి పోతోందో, షీటు చిరుగుల్లోంచి కిందికి ఇంకుతోందో తేల్చుకోండి. ఒక వెడల్పాటి టబ్బులో కుంట నీరే పోసి, కదలకుండా అడుగున రెండు నున్నటి రాళ్లు వేసి, అంచు నాలుగు వేళ్లు పైకి ఉండేలా కుంట నీటిలోనే నిలబెట్టండి. లోపలి మట్టానికీ బయటి మట్టానికీ గుర్తులు పెట్టి, వాన పడని, మోటారు వేయని నాలుగైదు రోజుల తర్వాత రెండూ ఎంతెంత దిగాయో కొలవండి. టబ్బులోంచి ఇంకే దారి లేదు కాబట్టి అందులో తగ్గినదంతా ఆవిరైనదే. కుంట అంతకంటే ఎక్కువ దిగితే, ఆ తేడా షీటు కారుతున్నందువల్ల వచ్చింది. అప్పుడు మొదటి ఖర్చు షీటు అతుకులపై పెట్టాలి గానీ వలపై కాదు.

ఇక లెక్క చూద్దాం. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు మట్టం తగ్గితే ఒక లీటరు పోయినట్టు. వేడి, పొడిగాలి కలిసిన రోజుల్లో 8 మిల్లీమీటర్లు ఆవిరి కావడం విశేషమేమీ కాదు. మీ 400 చదరపు మీటర్ల కుంటలో అది రోజుకు 3,200 లీటర్లు, 30 రోజులకు 96,000 లీటర్లు. మట్టం దిగేకొద్దీ నీటి విస్తీర్ణం తగ్గుతుంది కనుక అసలు నష్టం దీనికి కాస్త తక్కువగా ఉండవచ్చు. దట్టమైన నీడవలను నీటిపై బిగించి కట్టిన చోట ఆవిరి నష్టం సుమారు 60 నుంచి 80 శాతం తగ్గుతుంది. అంటే మీ నష్టంలో సగానికి పైగా మిగిలే అవకాశం ఉంది.

నీటిని ఆవిరి చేసేది ప్రధానంగా ఎండ వేడిమి. అలా పైకి లేచిన తేమను ఎప్పటికప్పుడు మోసుకుపోయి, మరింత ఆవిరికి చోటు కల్పించేది గాలి. వల ఈ రెండింటినీ అడ్డుకోవాలి. నాలుగు నిలువు స్తంభాలపై పందిరిలా ఎత్తుగా కట్టి పక్కలు వదిలేస్తే నీడ పడుతుంది గానీ కింద గాలి యథేచ్ఛగా వీస్తుంది, ఫలితం బాగా తగ్గిపోతుంది. అందుకే వలను నీటికి వీలైనంత దగ్గరగా, గట్టు నుంచి గట్టుకు లాగిన ఉక్కు తీగలపై పరచి, అంచులను గట్టు వరకూ దించి బిగించాలి. నారుమళ్లకు వాడే పలుచని వల ఇక్కడ చాలదు. అతినీలలోహిత కిరణాలను తట్టుకునేలా తయారుచేసిన దట్టమైన వలే తీసుకోండి, లేకపోతే ఎండకు పెళుసై, పీలికలై నీటిలోనే పడుతుంది. వలకు రంధ్రాలు పొడిచి తాళ్లు కట్టకండి. అంచును మడిచి క్లిప్పులతో పట్టిస్తే ఈదురుగాలికి చిరగదు.

వల వల్ల మరో రెండు లాభాలున్నాయి. వెలుతురు తగ్గడంతో నాచు అంతగా పెరగదు, డ్రిప్ ఫిల్టర్లు తరచుగా మూసుకుపోవు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు కుంటలోనే మిగిలి చిక్కబడతాయి కాబట్టి, ఆవిరి తగ్గితే నీరు ఉప్పెక్కడమూ తగ్గుతుంది. వాన నీరు వల కన్నుల్లోంచి కిందికి దిగుతుంది.

ఒక్క మాట మాత్రం తప్పక గుర్తుంచుకోండి. పాలిథిన్ షీటు వాలు తడిస్తే పాదం నిలవదు. వల కింద పడినవారు గట్టుపై ఉన్నవారికి కనిపించరు కూడా. కుంటలోకి నాలుగు వైపులా ముడులు వేసిన మోకు ఒక్కొక్కటి వేలాడదీసి, చుట్టూ కంచె వేసిన తర్వాతే వల కప్పండి.

ప్రశ్న: అదే కుంటలో చేపలు పెంచుతున్నాం. వల వేయవచ్చా?

జవాబు: మొత్తం కప్పవద్దు. చేపలకు కావలసిన ప్రాణవాయువులో అధిక భాగం నీటిలోని సూక్ష్మ నాచు పగటి వెలుతురులో తయారుచేసేదే.

ప్రశ్న: కూరగాయల మడిపై 75 శాతం నీడవల వేశాను. నీళ్లు ఎప్పటిలాగే పెడుతున్నాను. మొక్కలు సన్నగా సాగి, ఆకులు పసుపెక్కుతున్నాయి. లోపం ఎక్కడ?

జవాబు: రెండు చోట్ల. కూరగాయలకు 75 శాతం నీడ చాలా ఎక్కువ. ఆకుకూరలకు, నారుమళ్లకు 50 శాతం, టమాటా, క్యాప్సికం వంటి వాటికి 30–35 శాతం సరిపోతుంది. మొక్కజొన్న వంటి పైర్లకు నీడే వద్దు. వెలుతురు చాలని మొక్క దాన్ని వెతుక్కుంటూ సాగుతుంది, కాండం బలహీనపడుతుంది.

రెండోది నీటి తడి. నీడలో మొక్క తాగేదీ, నేల ఆరేదీ రెండూ తగ్గుతాయి. పాత లెక్కనే నీరు పెడితే మిగిలినది వేళ్లకు ఊపిరాడకుండా చేస్తుంది, లేదా వేళ్లకు అందనంత లోతుకు పోతుంది. వల వేసినా వాల్వు తిప్పే వేళ మారకపోతే మిగిలేది ఏమీ ఉండదు. జానెడు లోతున మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ఉండ కట్టి, వేలితో తట్టినా విడిపోకపోతే ఆ రోజు నీరు అక్కర్లేదు. మొక్కలు చిన్నవిగా ఉన్నంతకాలం నష్టం ఎక్కువగా వట్టి నేల నుంచే జరుగుతుంది కాబట్టి, వరుసల మధ్య ఎండుగడ్డి మందంగా పరవడం వల కంటే తక్కువ ఖర్చుతో మంచి ఫలితమిస్తుంది.

ప్రశ్న: నీటిపై నల్లని ప్లాస్టిక్ బంతులు వదులుతారని విన్నాను. గుర్రపుడెక్క కూడా నీటిని కప్పుతుంది కదా, అదీ పనికొస్తుందా?

జవాబు: లాస్ ఏంజెలెస్ జలాశయంలో 2015 నాటికి సుమారు 9.6 కోట్ల బంతులు వదిలారు. అక్కడి ముఖ్యోద్దేశం తాగునీటిలోని బ్రోమైడ్, క్లోరిన్ ఎండ తగిలి హానికరమైన బ్రోమేట్‌గా మారకుండా చూడటం. ఆవిరి తగ్గడం దానికి తోడైన లాభం. పొలం కుంటలో వాడదలిస్తే మోటారు గొట్టం చుట్టూ జాలీ తప్పనిసరి.

గుర్రపుడెక్కను మాత్రం దగ్గరకు రానివ్వకండి. అది నీటిని కప్పినట్టే కనిపిస్తుంది గానీ, ఆకుల ద్వారా వదిలే తేమ చాలా సందర్భాల్లో వట్టి నీటి నుంచి పోయే ఆవిరిని మించిపోతుంది. ఇప్పటికే చేరి ఉంటే పూత రాకముందే వేళ్లతో సహా తీసి, గట్టుకు దూరంగా పూర్తిగా ఎండబెట్టి, మొక్కల మొదళ్ల దగ్గర పరచుకోండి.