పియర్స్ గురించి అమ్మలుకు

చి. అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఇంగ్లండ్‌లో కొన్న భోజనం ప్యాకెట్ మీద ‘పియర్స్ ఫిల్మ్’ అని ఉందని, అదేంటో అర్థం కాలేదని రాశావు. ఫిల్మ్ అంటే పైన అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర. మైక్రోవేవ్‌లో పెట్టే ముందు దాన్ని ఫోర్కుతో నాలుగైదు చోట్ల పొడవమని చెబుతున్నారు. ఆవిరి బయటికి పోయే దారి లేకపోతే పొర ఉబ్బి పగిలిపోతుంది. ఆ పని మాత్రం మర్చిపోకు.

మొనదేలినదేదైనా లోపలికి దిగడమే పియర్స్. అయితే నోటుబుక్కులో ‘గుచ్చు’ అని ఒక్క ముక్క రాసుకుని ఊరుకోకు. రక్తపరీక్షకు వేలికి సూది గుచ్చితే ప్రిక్ అంటారు. కత్తితో మనిషిని పొడిస్తే స్టాబ్. టైరులో మేకు దిగితే, మనం ఇక్కడ అనేదే, పంక్చర్. చెవులకీ ముక్కుకీ అయితే పియర్స్.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఆ చెవుల దగ్గరే. ‘ఐ పియర్స్డ్ మై ఇయర్స్’ అన్నావంటే, సూది పట్టుకుని నీ చెవులు నువ్వే కుట్టుకున్నావని వాళ్లు అనుకోవచ్చు. తెలుగులో నువ్వు ‘చెవులు కుట్టించుకున్నాను’ అంటావు కదా, అందులో ‘ఇంచు’ చేసే పని ఇంగ్లీషులో ‘గాట్’ చేస్తుంది: ‘ఐ గాట్ మై ఇయర్స్ పియర్స్డ్.’ జుట్టు కత్తిరించుకోవడం, ఫోన్ బాగుచేయించడం, అన్నిటికీ ఇదే పద్ధతి. నాలుక తిరిగేదాకా పైకి అని చూడు. పలికేటప్పుడు చివర ‘ట్’ వినిపించాలి, పియర్స్ట్ అన్నట్టు. ‘పియర్సెడ్’ అని సాగదీయకు.

పియర్సింగ్ అని విశేషణంగానూ వాడతారు. చెవులు చిల్లులు పడే అరుపు పియర్సింగ్ స్క్రీమ్. ఎముకలు కొరికే చలిగాలి పియర్సింగ్ విండ్, జనవరి వస్తే నీకే తెలుస్తుంది. మనిషి కళ్లను కూడా పియర్సింగ్ అంటారు, లోపల ఉన్నదంతా చదివేసేలా చూస్తాయని. అది మెప్పుగానూ ఉంటుంది, బెదురుగానూ ఉంటుంది. అందుకే కొత్తగా పరిచయమైనవాళ్ల మొహం మీద అనకు.

స్నేహితురాలి మాట గుండెల్లో గుచ్చుకుంటే ‘ఇట్ పియర్స్డ్ మై హార్ట్’ అనాలనిపిస్తుంది. తప్పు కాదు గానీ, కవిత్వంలా వినిపిస్తుంది. ‘దట్ రియల్లీ హర్ట్ మీ’ అను, నీ బాధ ఆ పిల్లకు సూటిగా తెలుస్తుంది.

ఈ వారం నువ్వు విన్న వాక్యాలు రాసి పంపు. దిద్ది పంపుతాను.

మీ పెద్దమ్మ