టెక్ సందేహాలు: డిప్రెషన్‌కి మెదడులో చిప్పా?

ప్రశ్న: మా తమ్ముడికి ఆరేళ్లుగా డిప్రెషన్. ఎన్ని మందులు మార్చినా గుణం కనిపించలేదు. మెదడులో చిప్ పెడితే తగ్గిపోతుందని ఒక వీడియోలో చూశాను. నిజమేనా? మన దగ్గర చేస్తారా? – ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: అబద్ధం కాదమ్మా, కాకపోతే సగమే చెప్పారు.

అది చిప్ కాదు, మెదడుకి పెట్టే పేస్‌మేకర్ లాంటిది. డాక్టర్లు డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) అంటారు. మెదడు లోపలికి కొద్దికొద్దిగా కరెంటు పంపుతుంది. సేమియా పోగంత తీగ, దాని కొసన లోహపు చుట్లు. పుర్రెకి చిన్న రంధ్రం చేసి లోపలికి దించుతారు. రెండో కొస చెవి వెనక నుంచి, మెడ చర్మం కిందుగా వచ్చి, ఛాతీ పైభాగంలో అమర్చిన బ్యాటరీ పెట్టెకి కలుస్తుంది.

2005లో టొరంటోలో హెలెన్ మేబర్గ్ అనే న్యూరాలజిస్టు బృందం డిప్రెషన్ ఉన్న ఆరుగురికి పెడితే, ఆరు నెలలకి నలుగురు బాగా తేరుకున్నారు. ఆ ఊపులో ఓ కంపెనీ అమెరికాలో 90 మందికి పెట్టింది. అందులో 30 మందికి ఆరు నెలలు స్విచ్ వెయ్యలేదు. ఎవరిది ఆన్‌లో ఉందో రోగికి చెప్పలేదు. ఆన్‌లో ఉన్నవాళ్లలో నూటికి 20 మందికి గుణం కనిపిస్తే, ఆఫ్‌లో ఉన్నవాళ్లలో 17 మందికి కనిపించింది! కొత్తవాళ్లని చేర్చుకోవడం అంతటితో ఆపేశారు. తర్వాత అందరికీ ఆన్ చేసి రెండేళ్లు చూస్తే దాదాపు సగం మందికి మేలు జరిగింది. కానీ అప్పటికి పోల్చి చూడ్డానికి ఆఫ్‌లో ఎవరూ మిగల్లేదు.

మీ వీడియోలోది బహుశా 2021 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో కేసు. అందులో రోగి 36 ఏళ్ల మహిళ. ఆమెకి పెట్టిన పరికరం ఊరికే కరెంటు పంపదు. మెదడులో భావోద్వేగాలకి సంబంధించిన అమిగ్డాలా అనే భాగంలో ఒక రకం విద్యుత్ అలలు లేచాయని పసిగట్టినప్పుడే మరో చోట ఆరు సెకన్లు పంపి ఊరుకుంటుంది. రోజు మొత్తమ్మీద అరగంట మించదు. ఈ తెలివి నాకు భలే నచ్చింది. అయితే ఆ చోటు ఎక్కడో వెతకడానికే ముందు పది రోజులు తీగలు పెట్టి చూడాల్సొచ్చింది. మీ తమ్ముడికి ఆ చోటు వేరే కావచ్చు.

మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ, పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు)కి 2002లోనే దీన్ని ఒప్పుకున్నా, డిప్రెషన్‌కి ఒప్పుకోలేదు. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక వ్యాధికి మెదడు ఆపరేషన్ చెయ్యాలంటే రోగి సమ్మతీ, మానసిక ఆరోగ్య బోర్డు అనుమతీ రెండూ కావాలి. సమ్మతి అంటే మీ తమ్ముడిది, మీది కాదు. కోత లేకుండా తలపై అయస్కాంతపు చుట్ట పెట్టి చేసే ఆర్‌టీఎంఎస్, మత్తు ఇచ్చి తలకి కాసేపు కరెంటు పెట్టే ఈసీటీ ఉన్నాయి. ముందు వాటి గురించి సైకియాట్రిస్టుని అడగండి. ఎప్పుడైనా మాటల్లో ప్రాణం మీద విరక్తి వినిపిస్తే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఏ వేళైనా పలుకుతారు.

ప్రశ్న: మావయ్యకి పార్కిన్సన్స్ కోసం డీబీఎస్ పెట్టారు. ఐఫోన్ చొక్కా జేబులో పెట్టుకోవచ్చా? – ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దు. ఐఫోన్ 12 నుంచి చాలా మోడళ్ల వెనక అయస్కాంతాలున్నాయి. గుండుసూది ఆనించి చూడండి, అతుక్కుంటుంది. ఒంట్లో ఇలాంటి పరికరం ఉంటే ఫోన్ 15 సెంటీమీటర్లకు మించి దూరంలో, వైర్‌లెస్ ఛార్జింగ్‌లో ఉంటే 30కి మించి దూరంలో ఉండాలని ఆపిలే చెబుతోంది. చొక్కా జేబేమో సరిగ్గా ఆ పెట్టె మీదికే వస్తుంది! ప్యాంటు జేబు మేలు. ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఫిజియోథెరపీలో ఉంది. నొప్పులకి డయాథర్మీ (తరంగాలతో ఒంట్లో వేడి పుట్టించే చికిత్స) పెడతామంటే పెట్టించుకోకూడదు. ఎంఆర్ఐ అంటే ముందే పరికరం కార్డు చూపించమనండి.

ప్రశ్న: ఇలాంటివి హ్యాక్ చెయ్యొచ్చా? – ఓ విద్యార్థి, గుంటూరు

జవాబు: 2008లోనే అమెరికా పరిశోధకులు గుండె లయ తప్పితే షాక్ ఇచ్చేలా ఒంట్లో పెట్టే డీఫిబ్రిలేటర్‌ని ల్యాబ్‌లో రేడియోతో లొంగదీసుకున్నారు. నాకు మాత్రం హ్యాకర్ కంటే కంపెనీ మూతపడటమే ఎక్కువ భయం. చూపులేనివాళ్లకి కంట్లో పరికరం పెట్టిన సెకండ్ సైట్ 2020లో డబ్బుల్లేక చేతులెత్తేసింది. పెట్టించుకున్న 350 మందికి పైగా జనం కళ్లల్లో సరుకు ఉండిపోయింది, బాగుచేసే దిక్కు లేకుండా పోయింది. డీబీఎస్ బ్యాటరీల్లో కొన్ని మూడు నుంచి ఐదేళ్లకే మార్చాలి. అప్పుడు మార్చేదెవరు, ఖర్చెవరిది? సంతకం పెట్టకముందే కాగితం మీద రాయించుకోవాలి.