ఓమెరు లెక్క పెట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మన యూదుల పస్కా పండుగకు చేబ్రోలు రాలేకపోయినా, హైదరాబాదులో ఒంటరిగానైనా ఓమెరు లెక్క, అంటే పస్కా నుంచి షావువోత్ (వారాల పండుగ) దాకా 49 రోజులు లెక్కించే ఆచారం, పాటిస్తానని రాశావు, చాలా సంతోషం.

పస్కా రెండవ రాత్రి మొదలుకొని ప్రతి రాత్రి చుక్కలు పొడిచాక, నిలబడి, ముందు ఆశీర్వచనం పలికి, ఆపైన రోజును, వారాన్ని పైకి చెప్పాలి: "నేడు ఓమెరులో ఎనిమిది దినములు, అనగా ఒక వారము, ఒక దినము." మనసులో అనుకుంటే చాలదు. హీబ్రూ సంఖ్యలు అర్థం కాకపోతే తెలుగులోనే లెక్కించు. సాయంత్రం నీవు ఇంకా లెక్కించకముందు ఎవరైనా ఈ రోజు ఎన్నవదని అడిగితే, "నిన్న ఇన్ని" అని మాత్రమే చెప్పు. లేకపోతే ఆ మాటే లెక్క అయిపోయి, ఆశీర్వచనానికి తావుండదు. రాత్రి మరచిపోతే మర్నాడు పగలు ఆశీర్వచనం లేకుండా లెక్కించు. పగలు కూడా తప్పిపోతే లెక్క మానకు, కానీ అప్పటినుంచి ఆశీర్వచనం పలకకు. నైట్ షిఫ్టులు చేసే నీకు ఈ నియమంతో పని పడుతుంది.

యెరూషలేములో దేవాలయం ఉన్న కాలంలో పస్కా రెండవ రోజున యవల తొలి పంట నుంచి ఒక ఓమెరు (ధాన్యపు కొలత) అర్పించేవారు, 50వ రోజున కొత్త గోధుమలతో పులియబెట్టిన రెండు రొట్టెలు తెచ్చేవారు. 70వ సంవత్సరంలో ఆలయం కూలిపోవడంతో అర్పణలు పోయాయి, లెక్క మాత్రం మిగిలింది. పరీక్షకు ఇంకా ఎన్ని రోజులని తగ్గించుకుంటూ పోయే లెక్క కాదిది. ఐగుప్తు దాస్యం నుంచి బయటపడినవారు సీనాయిలో ధర్మశాస్త్రం అందుకొనేదాకా గడిచిన ప్రతి దినాన్నీ పైకి కూడుకుంటూ పోయేది. ఆ ధర్మశాస్త్రమైన తోరా షావువోత్‌కు తేదీ చెప్పలేదు, లెక్కించమని మాత్రమే చెప్పింది. కాబట్టి ఆ పండుగను తెచ్చేది మన లెక్కే అని నేను నమ్ముతాను. ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క గుణాన్ని కేటాయించే కబ్బాలా (యూదుల మార్మిక విద్య) పట్టికలు ఉన్నాయిగాని, మొదటి ఏడాది వాటి జోలికి పోకు.

పూర్వపు యూదు గురువు రబ్బీ అకీవా శిష్యులు 24,000 మంది ఒకరినొకరు గౌరవించుకోక ఈ రోజుల్లోనే మరణించారని మన పండితుల చర్చల గ్రంథమైన తాల్ముదు చెబుతుంది. అందుకే చుట్టూ వైశాఖ ముహూర్తాల సందడి ఉన్నా మనం ఈ కాలంలో పెళ్ళిళ్లు పెట్టుకోము, క్షౌరం చేయించుకోము. 33వ రోజున చాలామంది ఈ నియమాలు సడలిస్తారు.

49వ రోజు సాయంత్రం పొద్దు వాలగానే పండుగ ప్రార్థన మొదలుపెట్టకు. ఏడు వారాలు సంపూర్ణంగా ఉండాలని లేవీయకాండము 23వ అధ్యాయంలో ఉంది, కనుక చీకటి పూర్తిగా పడేదాకా ఆగు.

మీ మామయ్య